పాత వీడియో గేమ్ పెట్టెను ఇంట్లో బాగుచేసుకోవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నాణెం వేసి ఆడే పాత వీడియో గేమ్ యంత్రాలను కొని, ఇంట్లోనే బాగుచేసుకోవాలని చూస్తున్న పాఠకుల ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. అమెరికాలో ఉన్నవారి ఇబ్బందులు ఒక రకం, మన ఊళ్లలో ఉన్నవారివి మరో రకం. అయినా కరెంటు, పిక్చర్ ట్యూబుల విషయంలో జాగ్రత్తలు అందరికీ ఒకటే కాబట్టి, మొదటి జవాబును తక్కినవారు కూడా చదవాలని మనవి.

ప్రశ్న: మూతపడిన ఒక పిజ్జా దుకాణం సామాన్లు అమ్ముతుంటే 1980 నాటి మిడ్‌వే ప్యాక్-మ్యాన్ యంత్రాన్ని కొన్నాను. అది చాలా ఏళ్లుగా నేలమాళిగలో పడి ఉందట. అడుగు చెక్క ఉబ్బింది, రెండు పక్కలా ఎవరో నల్లరంగు పూశారు. ముందు ప్లగ్గు పెట్టి పనిచేస్తుందో లేదో చూసి, ఆ తర్వాత విప్పడం మొదలుపెడితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: దయచేసి ఇప్పుడే ప్లగ్గు పెట్టకండి. అంతకాలం కరెంటు ఎరగని యంత్రంలో ఎలుకలు కొరికిన వైర్లు, ఎండిపోయిన కెపాసిటర్లు (చార్జీని కొంతసేపు నిలవ ఉంచే భాగాలు), పాత యజమాని అవసరానికి వేసిన తప్పుడు ఫ్యూజులు ఉండవచ్చు. అవి చూడకుండా కరెంటు ఇస్తే, కొద్ది ఖర్చుతో బాగుపడే భాగం కూడా పూర్తిగా కాలిపోవచ్చు.

మీకు దొరికింది ఎంతో విలువైన యంత్రం. తోరు ఇవాతాని రూపొందించగా జపాన్‌లో నామ్కో సంస్థ 1980లో తెచ్చిన ఈ ఆటను, అదే ఏడాది అమెరికాలో తయారుచేసి అమ్మినది మిడ్‌వే. ఆ కంపెనీ ఉన్న ఫ్రాంక్లిన్ పార్క్ కూడా మీ షికాగో శివారే. ఈ యంత్రాలు చాలా పెద్ద సంఖ్యలో అమ్ముడుపోవడం వల్ల దీని విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి, మిడ్‌వే అచ్చువేసిన సర్వీసు పుస్తకం, సర్క్యూట్ పటాలు కూడా దొరుకుతున్నాయి. స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఆ పుస్తకం సంపాదించి ఒకసారి చదవండి. తర్వాత ప్రతి దశలోనూ ఫోటోలు తీస్తూ, ఏ భాగం స్క్రూలను ఆ భాగం పేరు రాసిన చిన్న సంచిలో వేస్తూ, ప్రతి కనెక్టరుకూ ఒక చీటీ కట్టి విప్పండి. లోపల ఎలుకల పెంట ఉంటే మాస్కు లేకుండా ఊడ్చవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం పిక్చర్ ట్యూబు. ఇందులో 19 అంగుళాల రంగుల ట్యూబు నిలువుగా తిప్పి బిగించి ఉంటుంది. నడుస్తున్నప్పుడు దాని ఆనోడ్ (ట్యూబు పైన రబ్బరు మూత కింద ఉండే లోహపు క్లిప్పు) దగ్గర ఇరవై వేల వోల్టుల స్థాయి ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా ఆ గాజు బుడ్డి చార్జీని పట్టి ఉంచుతుంది. వెనక తలుపు తీస్తే కరెంటు ఆగిపోయే స్విచ్ ఉన్నా అది ట్యూబులోని చార్జీని తీసేయదు. బాగా ఇన్సులేషన్ ఉన్న పిడి గల పొడవాటి చదును స్క్రూ డ్రైవర్‌కు ఒక మందపాటి వైరు కట్టి, దాని రెండో కొసను ట్యూబు వెనక భాగాన్ని చుట్టి ఉండే అల్లిక తీగకు గట్టిగా క్లిప్పుతో తగిలించండి. ఒక చేతిని వీపు వెనక పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూ డ్రైవర్ కొనను ట్యూబు పైనున్న రబ్బరు మూత కిందికి, లోపలి లోహపు క్లిప్పు తగిలేదాకా మెల్లగా జరపండి. టప్పున శబ్దం వచ్చినా రాకపోయినా కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ అదే పని చేయండి, ఎందుకంటే ట్యూబులో మిగిలిన చార్జీ మళ్లీ కొంత పోగవుతుంది. ట్యూబు వెనక ఉండే సన్నని గాజు మెడకు ఏదీ తగలకుండా చూసుకోండి. అది విరిగి గాలి లోపలికి వెళితే ట్యూబు ఇక పనికిరాదు. ఈ పని చేయడానికి చేతులు వణికేవారు సిగ్గుపడకుండా పాత టీవీలు బాగుచేసిన మెకానిక్‌ను పిలవాలి.

ఆ తర్వాత అడుగున ఉన్న ట్రాన్స్‌ఫార్మరు, ఫ్యూజుల పట్టీ చూడండి. ప్రతి ఫ్యూజునూ తీసి దాని మీది అంకెను సర్వీసు పుస్తకంతో సరిపోల్చండి. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గానీ, ఫ్యూజుకు చుట్టిన వెండి కాగితం గానీ కనిపిస్తే, ఆ దారిలో ఎక్కడో షార్టు ఉందని అనుమానించి వైర్లన్నీ వెతకాలి. తుప్పుపట్టిన ఫ్యూజు క్లిప్పులు వేడెక్కుతాయి కాబట్టి వాటిని మార్చేయడమే మేలు. మానిటర్‌ను గోడ కరెంటు నుంచి వేరుచేసి కరెంటు ఇచ్చే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరును మాత్రం ఏ కారణంతోనూ పక్కన పెట్టకండి. ఆ కాలపు చాలా మానిటర్ల సర్క్యూట్లు గోడ కరెంటుతో నేరుగా ముడిపడి ఉంటాయి. ఆ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఆటను నడిపే సర్క్యూట్ బోర్డుకు కలిపితే బోర్డూ పోతుంది, ముట్టుకున్న మనిషికీ షాక్ కొడుతుంది.

ప్యాక్-మ్యాన్‌కే ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది. తర్వాతి కాలపు యంత్రాల్లో బోర్డుకు సిద్ధంగా ఉన్న 5 వోల్టుల డీసీ అందుతుంది. ఇందులో ట్రాన్స్‌ఫార్మరు నుంచి సుమారు 7 వోల్టుల ఏసీ నేరుగా బోర్డుకు వెళ్లి, అక్కడ డీసీగా మారుతుంది. ఆ కరెంటంతా 44 పిన్నుల అంచు కనెక్టరులోని కొద్దిపాటి పిన్నుల గుండా పోవడం వల్ల అవి ఏళ్ల తరబడి వేడెక్కి కాలిపోతాయి. కనెక్టరును మెల్లగా లాగి చూడండి: ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పిన్నులు నల్లబడి, బోర్డు అంచున ఉండే బంగారు పూత పట్టీలు మసిబారి ఉంటే మీ యంత్రానికీ ఆ జబ్బు వచ్చినట్టే. బోర్డు పట్టీలను మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, వైర్ల వైపున్న కనెక్టరును పూర్తిగా కొత్తది వేయండి. కాలిన పిన్నులను గీకి మళ్లీ వాడితే అవే మళ్లీ కాలతాయి. ఈ సందర్భంలోనే బోర్డు మీద డీసీని చదును చేసే పెద్ద కెపాసిటరునూ మార్చండి. కొందరు ఈ ఏర్పాటునంతా తీసేసి కొత్త స్విచింగ్ పవర్ సప్లై బిగిస్తారు గానీ, కొత్త కనెక్టరు, కొత్త కెపాసిటరు పడ్డాక పాత పద్ధతే మళ్లీ చాలా ఏళ్లు నడుస్తుంది కాబట్టి దాన్ని ఉంచుకోమనే నా సలహా.

ఇప్పుడు బోర్డు, మానిటర్ రెండూ విడదీసి ఉంచి, ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రమే కరెంటు ఇచ్చి, వోల్టేజీలు మల్టీమీటరుతో కొలవండి. అవి సరిగా ఉంటే బోర్డును కలిపి, బోర్డు మీది చిప్పు దగ్గరే 5 వోల్టులు అందుతున్నాయో లేదో చూడండి. 4.9 నుంచి 5.1 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 5.25 దాటితే పాత చిప్పులకు ప్రమాదం. మానిటర్‌ను చివరన కలపండి. బొమ్మ పక్కలు వంకర తిరిగినా, పైనా కిందా కుంచించుకుపోయినా చాలావరకు ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే కారణం. మీ మానిటర్ మోడల్‌కు తగ్గ కెపాసిటర్ల కిట్టు కొని, ఒక్కొక్కటిగా, ప్లస్ మైనస్ గుర్తులు సరిచూసుకుంటూ మార్చండి. యంత్రం ఆపి ఉన్నప్పుడు కూడా ట్యూబు మీద ఆటలోని చిక్కుదారుల నీడ కనిపిస్తే మాత్రం అది భాస్వర పొర అరిగిన మచ్చ, దానికి మందు లేదు. ఆట నడుస్తున్నప్పుడు అసలు దారులు సరిగ్గా ఆ మచ్చ మీదే పడతాయి కాబట్టి అది కంటికి పెద్దగా ఆనదు. దానికోసం ట్యూబు మార్చనవసరం లేదు.

ప్రశ్న (అదే ఉత్తరం నుంచి): పక్కలనున్న నల్లరంగును యంత్రంతో గీకించి, కొత్త స్టిక్కర్లు అతికిస్తే పని తేలిక కదా? ఉబ్బిన చెక్కను ఏం చేయాలి?

జవాబు: గీకించే ముందు ఆ నల్లరంగు కింద ఏముందో చూడండి. ప్యాక్-మ్యాన్ పక్కల బొమ్మ స్టిక్కరు కాదు. పసుపు రంగు వేసిన చెక్క మీద స్టెన్సిళ్లు పెట్టి ఒక్కో రంగూ విడివిడిగా కొట్టినది. పాత ఆటను తీసేసి కొత్త ఆట పెట్టినప్పుడు దుకాణాలవాళ్లు పక్కలను నల్లగా పూసేయడం మామూలే. ఆ పూత కింద అసలు బొమ్మ చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. నలభై అయిదేళ్ల నాటి ఆ రంగు ఒక్కసారి శాండింగ్ యంత్రం కిందికి వెళితే మళ్లీ రాదు, అందుకే ఈ విషయంలో ఓపిక పట్టమని గట్టిగా అడుగుతున్నాను.

వెనక వైపు కింది మూలలో రెండంగుళాల చోటు ఎంచుకుని, గుడ్డకు డీనేచర్డ్ ఆల్కహాల్ అద్ది రుద్దండి. పైపూత గోడలకు వేసే నీటి రంగు అయితే అది మెత్తబడి గుడ్డకు అంటుకుంటుంది. కింద పసుపు కనిపించి, గుడ్డకు పసుపు అంటకుండా ఉంటే ఆ దారిలోనే చేతి మందం చొప్పున ముందుకు వెళ్లండి. అసలు రంగు కూడా కదులుతుంటే వెంటనే ఆపేసి, ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో పొడిగా లేవదీయడానికి ప్రయత్నించండి. ఈ పని నెలరోజుల సాయంత్రాలను తినేయవచ్చు. బయటపడిన బొమ్మ మీద గీతలు, చెక్కులు ఉంటే ఉండనివ్వండి. పూర్తిగా పోయిన చోట్ల మాత్రం సన్నని కుంచెతో రంగు నింపండి. ఆ రంగు కలిపించడానికి నమూనా కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌ను విప్పి చూడండి: దాని అంచు కప్పి ఉంచిన సన్నని పట్టీలో వెలుతురు తగలని పసుపు ఉంటుంది, మిగతా పక్కంతా ఎంత వెలిసిందో అక్కడే తెలుస్తుంది. రంగుల దుకాణంలో ఆ పట్టీకి సరిపోయేలా కలిపిస్తే, వెలిసిన చోట అది అతుకులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి చుట్టూ ఉన్న వెలిసిన రంగుకే సరిపోయేలా కలిపించండి. మొత్తం మళ్లీ పూయాల్సి వస్తే మాత్రం ఆ దాచిన పట్టీయే మీకు ప్రమాణం. అప్పుడు కూడా స్టిక్కరు వద్దు, కొత్తగా తయారవుతున్న స్టెన్సిళ్లు కొని స్ప్రే చేయండి.

తెర ముందుండే గాజు పలక విషయంలో ఇంకొక హెచ్చరిక. దాని మీది బొమ్మ గాజు వెనక వైపున అచ్చయి ఉంటుంది. ముందువైపు ఎలా తుడిచినా ఫరవాలేదు గానీ, రంగు ఉన్న వైపు నీళ్లు, అమ్మోనియా కలిసిన గాజు ద్రావణాలు తగలనివ్వకండి. పొరలుగా లేచిన రంగు ఒక్క తుడుపుతో రాలిపోతుంది.

ఇక ఉబ్బిన చెక్క. దుకాణాల్లో రోజూ నేల తుడిచే తడి ఈ పెట్టెల అడుగులకు ఎక్కి, చెక్కపొడి పలక పొరలు విచ్చుకుపోతుంది. ముందు గాలి ఆడే చోట పెట్టెను కొన్ని వారాలు పూర్తిగా ఆరనివ్వండి. కొద్దిగా మెత్తబడిన చోట చెక్కను గట్టిపరిచే ద్రావణం పట్టించి, ఆరిన తర్వాత రెండు భాగాలుగా కలుపుకునే కారు లప్పం పెట్టవచ్చు. అది కొన్ని నిమిషాల్లోనే గట్టిపడుతుంది, అందుకని ఒక్కసారికి అరచేతిలో పట్టేంతకన్నా ఎక్కువ కలపకండి. వేలితో నొక్కితే పొడిగా రాలుతున్న చోటు లప్పంతో నిలవదు. ఆ ముక్కను తిన్నగా కోసి తీసేసి, అదే మందం ప్లైవుడ్ ముక్కను జిగురు, చెక్క మేకులతో అతికించి, అతుకు మీద లప్పం పెట్టి 80, 120, 220 నంబర్ల శాండ్ పేపర్లతో వరసగా నునుపు చేయండి. చివరికి అడుగున ఎత్తు సర్దుకునే ఇనుప కాళ్లు బిగించి, చెక్క నేలకు తగలకుండా చూడండి. అంచుల చుట్టూ గాడిలో దిగే ప్లాస్టిక్ పట్టీని రబ్బరు సుత్తితో కొట్టాలి. మూలలు తిరిగే చోట పట్టీ వెనక ముల్లును వి ఆకారంలో కత్తిరిస్తే ముడతపడకుండా వంగుతుంది.

ప్రశ్న: 1990లలో మా నాన్నగారు తెనాలిలో వీడియో గేమ్స్ షాపు నడిపారు. అప్పటి పెట్టె ఒకటి మిగిలింది. ప్లైవుడ్, సన్‌మైకాతో ఇక్కడే చేయించినది, లోపల టీవీ పిక్చర్ ట్యూబు, ముస్తఫా ఆట బోర్డు ఉన్నాయి. ట్యూబు తీసి ఎల్‌సీడీ, వందల ఆటల బోర్డు పెట్టించుకోమని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ట్యూబు పనిచేస్తుంటే దాన్ని తీయించవద్దు. ఆ కాలపు బోర్డులు సెకనుకు దాదాపు పదిహేనున్నర వేల గీతలు గీసే పాత టీవీ లెక్కకు తగ్గట్టు బొమ్మను పంపుతాయి. మామూలు కంప్యూటరు ఎల్‌సీడీ ఆ సంకేతాన్ని నేరుగా తీసుకోదు. మధ్యలో మార్పిడి బోర్డు పెడితే బొమ్మ వస్తుంది గానీ, అంచులు మొద్దుబారి, చేతి కదలికకూ తెర మీది కదలికకూ మధ్య ఎంతో కొంత ఆలస్యం వస్తుంది. పైగా ఇలాంటి ట్యూబుల తయారీ దాదాపుగా ఆగిపోయింది కాబట్టి ఒకసారి చెత్తలో వేసినదాన్ని మళ్లీ సంపాదించడం కష్టం. ట్యూబు నిజంగానే పోయి ఉంటే మాత్రం ఎల్‌సీడీ పెట్టుకోండి, అయితే చెక్కను కోయకుండా, తర్వాత తీసేయడానికి వీలుగా బ్రాకెట్ల మీద బిగించమనండి.

మీ పెట్టెలో రెండు విషయాలు వెంటనే చూపించాలి. మొదటిది, టీవీ సర్క్యూట్లలో చాలావాటికి ఒక వైపు నేరుగా గోడ కరెంటుతో సంబంధం ఉంటుంది కాబట్టి, ఆట బోర్డును కలిపిన చోట ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ఉందో లేదో చూడాలి. రెండోది ఎర్తింగ్: నాణెం వేసే ఇనుప తలుపు, జాయ్‌స్టిక్ బిగించిన రేకు రెండూ ఎర్త్ వైరుకు కలిసి ఉండాలి. పిల్లలు చేతులు ఆనించేది అక్కడే కదా.

ముస్తఫా అని మనవాళ్లు పిలుచుకున్న ఆట క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అందులోని ఒక పాత్ర పేరే ఆటకు పేరుగా స్థిరపడింది. మీ బోర్డు క్యాప్‌కామ్ అసలుదైతే, శబ్దాన్ని నడిపే ప్రాసెసరుకు కావలసిన రహస్య సంకేతం ఒక చిన్న బ్యాటరీ ఆధారంతోనే నిలిచి ఉంటుంది. బ్యాటరీ అడుగంటితే సంకేతం చెరిగిపోయి ఆ విభాగం పనిచేయడం మానేస్తుంది. బ్యాటరీ ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ఊరికే పీకవద్దు, వోల్టేజీ కొలిచి, ఇలాంటి బోర్డుల మీద పని తెలిసిన మనిషి చేతే మార్పించండి. అది నకలు బోర్డయితే ఈ చిక్కు ఉండకపోవచ్చు. చిప్పుల మీది చిన్న గాజు కిటికీలకు అతికించిన కాగితాలను మాత్రం ఏ బోర్డులోనూ ఊడదీయకండి, వెలుతురు పడుతూ ఉంటే వాటిలోని ఆట క్రమంగా చెరిగిపోతుంది. బోర్డు 56 పిన్నుల జామా (JAMMA) అనే ప్రామాణిక కనెక్టరుతో ఉంటే, దాన్ని తిరగేసి గుచ్చితే బోర్డు కాలే ప్రమాదం ఉంది. గుచ్చే ముందు రెండు వైపులా గుర్తులు పెట్టుకోండి.

సన్‌మైకా వెనక తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే చెదలు లోపల ఉన్నట్టే. అలాంటి ప్లైవుడ్‌ను మందు కొట్టి దాచుకోవద్దు, వడ్రంగి చేత ఆ పలకను మార్పించండి. మీ నాన్నగారు బిగించిన నాణేల పెట్టె, తలుపు, అద్దం మీది అక్షరాలు ఉంటే వాటిని అలాగే కొత్త పలకకు మార్పించమని నా కోరిక.

ప్రశ్న: పాత ప్యాక్-మ్యాన్‌కు కొత్త జాయ్‌స్టిక్ వేశాను. మలుపుల దగ్గర బొమ్మ ఆగిపోతోంది. బోర్డు చెడిందా?
— ఒక పాఠకుడు, శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: బోర్డు బాగానే ఉండి ఉంటుంది. మీరు వేసినది ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్ అయి ఉండాలి. ప్యాక్-మ్యాన్ నాలుగు దిక్కుల ఆట. కర్ర మూలకు వాలినప్పుడు రెండు స్విచ్‌లు ఒకేసారి మూసుకుంటే బోర్డు మీరు కోరని దిక్కును తీసుకుంటుంది. కొన్ని కొత్త జాయ్‌స్టిక్‌లలో అడుగున ఉన్న పలకను తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకే కదులుతుంది. పాత జాయ్‌స్టిక్‌ను పారేయకపోతే దాన్నే మళ్లీ వేయండి. అందులోని ఆకు స్విచ్‌ల మధ్య మందపాటి కాగితపు ముక్క పెట్టి, వేలితో నొక్కి లాగితే మసి వదులుతుంది. శాండ్ పేపరు పెడితే స్విచ్ మొనల మీది పూత పోతుంది.

ప్రశ్న: డల్లాస్ నుంచి విశాఖపట్నం తిరిగి వచ్చేస్తున్నాము. ఇక్కడి 1982 నాటి యంత్రాన్ని తెచ్చుకుంటే అక్కడి కరెంటుతో నడుస్తుందా?
— ఒక పాఠకుడు, డల్లాస్, టెక్సాస్

జవాబు: నేరుగా నడవదు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరుతో మొదటి తేడా తీరుతుంది గానీ రెండోది తీరదు. 60 హెర్ట్జ్ కోసమే చుట్టిన పాత ట్రాన్స్‌ఫార్మరు 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. మీ యంత్రంలోని ట్రాన్స్‌ఫార్మరు పేరుపలక మీద 50/60 అని ఉంటే భయం లేదు. 60 మాత్రమే ఉంటే దాన్ని విప్పి జాగ్రత్తగా దాచి, ఇక్కడి కరెంటుకు తగిన ట్రాన్స్‌ఫార్మరును, మానిటర్‌కు విడిగా ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరును చుట్టించుకోండి. పాత దానిలో ఏ తీగ నుంచి ఎన్ని వోల్టులు వస్తున్నాయో అక్కడ ఉండగానే కొలిచి కాగితం మీద రాసుకుంటే, ఇక్కడ చుట్టేవారికి ఆ కాగితమే చాలు. ప్యాకింగులో పెట్టెను బోర్లా పడుకోబెట్టనివ్వకండి, ఆట బోర్డును విడిగా తీసి చేతిసామానులో తెచ్చుకోండి. విశాఖ ఉప్పుగాలికి అంచు కనెక్టర్లు త్వరగా మసిబారతాయి. సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో దాన్ని పెట్టవద్దు, ఏడాదికొకసారి వర్షాకాలం వెళ్లాక కనెక్టర్లను ఆల్కహాల్‌తో తుడవండి.